రోజుకు పదకొండు ఫోన్లు

"సర్, ఈ నెల రోజుల్లో వీటిల్లో మీకు పనికొచ్చిందేంటి?" అని దీప్తి భానుచందర్‌ను అడిగింది.

"టైమర్ అస్సలు పనికి రాలే మేడం," అంది పక్క కుర్చీలో ఉన్న అతని భార్య యమున. "రెండొద్దులు తిప్పిండు. మూడో నాడు దాన్నే విప్పి, లోపల స్ప్రింగ్ ఎట్లున్నదో చూసిండు."

దీప్తి కాగితం మీద ఒక గీత గీసింది. "అలారాలు?"

"తొమ్మిది పెట్టిన. మోగంగనే ఆపుతడు. ఎందుకు మోగిందో చూడడు."

"వైట్ బోర్డు?"

"రాసేది నేనే, తుడిచేది నేనే."

"మేడం," అంటూ దీప్తి నవ్వుతూనే పెన్ను కింద పెట్టింది. "సర్‌ని చెప్పనివ్వండి."

ఆ మాట అనడం అప్పటికి మూడోసారి. యమున పెదాలు బిగించి హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది. చెప్పనివ్వకపోవడానికి తానేమైనా ఆయన నోరు కుట్టేసిందా? అడిగినదానికి ఆయన జవాబివ్వాలంటే అరనిమిషం పడుతుంది. ఆ అరనిమిషంలో ఎక్కడెక్కడో తిరిగి వస్తాడు. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళ నుంచీ ఆ అరనిమిషాలన్నీ పూడుస్తున్నది తనే.

భానుచందర్ తల పైకెత్తి ఫ్యాన్ వైపు చూస్తున్నాడు.

"బేరింగ్ పోయింది మేడం," అన్నాడు చివరికి. "ఇంకో వారంల ఆగిపోతది."

యమున కళ్ళు మూసుకుంది.

హనుమకొండలోని ఆ దవాఖానలో మాత్రలు రాసేది డాక్టరమ్మ. రోజు ఎలా గడుపుకోవాలో చెప్పేది పక్క గదిలో ఉండే దీప్తి. నలభై మూడేళ్ళ భానుచందర్‌కు మనసును ఒకచోట నిలవనివ్వని ఏడీహెచ్‌డీ ఉందని, అది చిన్నప్పటి నుంచీ ఉన్నదేనని డాక్టరమ్మ తేల్చి మూడు నెలలైంది. అంతకుముందు దానికి ఇంట్లో ఉన్న పేర్లు వేరు: నిర్లక్ష్యం, సోయి లేకపోవడం, ఎవరి మాటా లెక్కచేయకపోవడం. కొత్త పేరు విన్న రోజు యమునకు నిజంగానే ప్రాణం కుదుటపడింది. జబ్బంటే దానికో పద్ధతి ఉంటుంది. పద్ధతిగా చేసే పని ఏదైనా సరే తనకు వచ్చు. ఆ వారమే వైట్ బోర్డు కొని వంటింటి గోడకు కొట్టించింది. తాళాలకు కొక్కెం, మాత్రలకు ఏడు గదుల డబ్బా, కోడిగుడ్డంత టైమర్, బోర్డుకు అంటించడానికి నాలుగు రంగుల చీటీలు తెచ్చింది. ఫోనులో చూసిన ఉపాయాలన్నీ రాసుకోవడానికి ఒక నోటుబుక్కు పెట్టుకుంది. నోటుబుక్కు నిండింది. బండి తాళం మాత్రం మొన్న ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన దొరికింది.

"ఒక్క పని చేయండి సర్," అంది దీప్తి, భానుచందర్ కళ్ళు ఫ్యాన్ మీంచి దిగేదాకా ఆగి. "వీటిల్లో పనికి రానివి కొట్టేయండి. అందరికీ అన్నీ పనికి రావు. షాపులో మీకేం అడ్డం పడుతోందో మీకే తెలుస్తుంది. కొందరికి పక్కన ఎవరో ఒకరు ఊరికే కూర్చుంటే చాలు, చేతిలో పని నిలుస్తుంది. వాళ్ళు ఏమీ చెప్పక్కర్లేదు, గుర్తుచేయక్కర్లేదు. మీకు ఏది కుదురుతుందో వెతుక్కుని వచ్చే శనివారం మీరే నాకు చెప్పాలి. మీరే."

"ఊరికే కూసునేటోళ్ళు మా ఇంట్ల ఎవరున్నరు మేడం," అంటూ యమున లేచింది.

మెట్లు దిగుతూ భానుచందర్ మధ్యలో ఆగిపోయాడు. "ఆ ఫ్యాన్ సంగతి వాళ్ళకు మల్లొకసారి చెప్పొస్త," అని వెనక్కి తిరగబోయాడు. యమున అతని చొక్కా చెయ్యి పట్టుకుని కిందికి లాక్కొచ్చింది.

*

యమున ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. తన బల్ల మీద ఏ ఫైలు ఎక్కడుందో చీకట్లో అడిగినా తీసిస్తుంది. ఆ బల్ల దగ్గర నుంచే మట్టెవాడలో భర్త నడిపే మిక్సీ రిపేరు షాపును కూడా ఆమే నడిపిస్తుంది, ఫోనులో. తొమ్మిదిన్నరకు, షట్టర్ తీసినవా? పదింటికి, మాత్ర వేసుకున్నవా? పదిన్నరకు, ఏ మిక్సీ పట్టినవ్? పదకొండున్నరకు, అది అయిపోయిందా, కాకపోతే ఎందుకు కాలే? పక్క సీట్లో రమ ఒకరోజు సరదాకి లెక్కపెట్టి, "ఇయ్యాల పదకొండు అయినయక్కా," అంది.

"అవి లేకపోతే షాపు మునుగుతది," అంది యమున.

సోమవారం పన్నెండున్నరకు నాలుగుసార్లు చేసినా భానుచందర్ ఎత్తలేదు. తిందామని యమున బ్యాగు తెరిస్తే అందులో రెండు అన్నం డబ్బాలున్నాయి. ఆయన తన డబ్బా కూడా ఆమె బ్యాగులోనే సర్దేశాడు. రెండో డబ్బా పట్టుకుని, పళ్ళు కొరుక్కుంటూ ఆటో ఎక్కింది.

షాపు పది అడుగుల మడిగె. దాని మెట్టు మీద యాకమ్మ చామంతులు అల్లుతోంది. డెబ్బై ఏళ్ళ ఆ ముసలమ్మ అక్కడ కూర్చుని పూలమ్మబట్టి పదేళ్ళు. లోపల బల్ల మీద ఐదు మిక్సీలు అడుగు మూతలు విప్పి బోర్లా పడుకుని ఉన్నాయి. ఐదింటి స్క్రూలూ ఒకటే సత్తు పళ్ళెంలో కలిసిపోయాయి. వాటి మధ్య భానుచందర్ ఒక మోటారు లోపలి రాగి చుట్టను చేతిలో పట్టుకుని, నల్లబడిన పట్టీలను గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. బొటనవేలితో కొద్దికొద్దిగా తిప్పుతూ, ఒక్కో పట్టీ దగ్గర ఆగి, ఊది, వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు. రాగి ఎర్రగా బయటపడుతోంది. ఆ పని చేసేటప్పుడు ఆ ముఖం చూసినవాళ్ళెవరూ ఈయనకు ఏకాగ్రత లేదనరు. యమున పిలవబోయి గడపలోనే ఆగింది.

అప్పుడే అలారం మోగింది. మోటార్లలో వేసే కార్బన్ బ్రష్‌లకు ఆర్డరు చెప్పమని యమున పెట్టిన అలారమే. భానుచందర్ రాగి చుట్టను స్టూలు అంచున పెట్టి లేచాడు. ఫోన్ కోసం వెతికాడు. అది ఒక జార్ కింద దొరికింది. నొక్కి ఆపేశాడు. జార్ చేతిలోకి వచ్చింది కాబట్టి దాని అడుగున బుష్ వదులైందేమోనని కదిపి చూశాడు. వదులైంది. పాన కోసం గూట్లో చెయ్యి పెడితే ఖాళీ నీళ్ళ సీసా తగిలింది. సీసా పట్టుకుని నల్లా దగ్గరకు బయల్దేరి, గడపలో యమునను గుద్దుకున్నాడు. వెనకాల రాగి చుట్ట స్టూలు మీంచి దొర్లి కింద పడింది.

"నువ్వెప్పుడొచ్చినవ్?"

"బ్రష్‌లు చెప్పినవా?"

"ఏ బ్రష్‌లు?"

యమున అన్నం డబ్బా బల్ల మీద కొట్టినట్టు పెట్టింది. "ఇప్పుడు మోగింది దేనికి? నా పెండ్లికా? ఇగ నాతోని కాదు. శుక్రవారం పొద్దుగాల తొమ్మిదింటికి శశాంక్ కాడ పనికి ఉండాలె నువ్వు. వాడికి చెప్పిన, వస్తడని."

శశాంక్ ఆమె తమ్ముడు. హనుమకొండలో ఒక కంపెనీ సర్వీసు సెంటరు చూసుకుంటున్నాడు. అక్కడ పనిచేసేవాళ్ళకు పొద్దున ఎన్నింటికి రావాలో, ఏ సామాను ముందు విప్పాలో చెప్పడానికి ఒక మనిషుంటాడు. యమునకు కావలసింది అదే.

"నన్నడిగినవా?" అన్నాడు భానుచందర్.

"అడిగితే జవాబెప్పుడొస్తది? నేను రిటైరైనంక వస్తది."

అతను మోకాళ్ళ మీద వంగి స్టూలు కింద చుట్ట కోసం వెతకడం మొదలుపెట్టాడు. మెట్టు మీద యాకమ్మ తల ఎత్తకుండా దారం తెంపింది.

ఆఫీసుకు తిరిగి వెళ్ళేసరికి బల్ల మీద ఉత్తర్వు ఉంది. మంగళవారం నుంచి మూడు రోజులు ఏటూరునాగారం దాటి అడవిలోకి పోయే ఊళ్ళలో ఇంటింటి సర్వే. వెళ్ళాల్సిన ఆరుగురిలో యమున పేరు రెండోది. ఆమె అధికారి దగ్గరకు వెళ్ళి, ఇంట్లో ఇబ్బంది అంది. ఏం ఇబ్బంది అని ఆయన అడిగాడు. మా ఆయన ఉన్నాడండీ అందామనుకుని, ఆ జవాబు ఎట్లా వినబడుతుందో తోచి, ఊరుకుంది.

ఆ సాయంత్రం కూర్చుని మూడు రోజులకు మూడు కాగితాలు రాసింది. పాలు, గ్యాసు, మాత్ర, గేటు, మోటరు స్విచ్. ఏ మిక్సీ ఏ రోజు ఎవరికివ్వాలో కింద ఎర్ర ఇంకుతో రాసింది. గురువారం దగ్గర రెండు గీతలు కొట్టింది. టిఫిన్ సెంటర్ మహిపాల్ పెద్ద మిక్సీ ఆ రోజు సాయంత్రం ఇవ్వాలి. మర్నాడు అతనికి రెండు వందల మంది టిఫిన్ల ఆర్డరు ఉంది. అది తప్పితే అతను మడిగె ముందు నిలబడి ఎంత గొంతు చేస్తాడో ఆమెకు తెలుసు. ఇదివరకు రెండుసార్లు విన్నది.

*

ఏటూరునాగారం దాటిన కాసేపటికి ఫోనులో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోయాయి. తొమ్మిదిన్నరకు యమున చెయ్యి దానంతటదే బ్యాగులోకి పోయింది. పదింటికీ పోయింది. ఇళ్ళు తిరుగుతూ, ఇంట్లో ఎంతమంది, నీళ్ళు ఎక్కడివి, పొయ్యి ఏది అని అడుగుతూ, మధ్యమధ్యలో ఫోన్ ఆకాశానికి ఎత్తి చూస్తూ ఆ పూట గడిపింది. పదకొండున్నరకు మనసులో ఆ విప్పిన ఐదు మిక్సీలూ తొమ్మిదయ్యాయి. మధ్యాహ్నానికి షట్టర్ బార్లా తెరిచి ఆయన ఎటో పోయినట్టు కనబడింది. సాయంత్రానికి గ్యాసు మీద పాలు మాడుతున్న వాసన నిజంగానే ముక్కుకు తగిలింది.

"సిగ్నలా? ట్యాంకు కాడ ఒక్క గీత వస్తది," అంది సమ్మమ్మ. సర్వేవాళ్ళకు ఆ మూడు రోజులూ అన్నం వండిపెట్టే ఆవిడ. గుట్ట పక్కన నీళ్ళ ట్యాంకు దాకా తోడు కూడా వచ్చింది. యమున ట్యాంకు మెట్లు సగం ఎక్కి, ఒంటి చేత్తో కమ్మీ పట్టుకుని, ఫోన్ చేసింది. మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఆరుసార్లు చేసింది. కిందికి దిగేసరికి అరచేతులకు తుప్పు అంటుకుంది.

బుధవారం సాయంత్రం మళ్ళీ ఎక్కింది. ఆ రోజూ అంతే.

"ఎవలు బిడ్డా, చంటి పిల్లలా?" అని సమ్మమ్మ కింద నుంచి అడిగింది.

"మా ఆయన."

"జరమా?"

"జరం కాదవ్వా. మర్చిపోతడు. అన్నీ మర్చిపోతడు."

సమ్మమ్మ కమ్మీ పట్టుకుని పైకి చూసింది. "నిన్ను మర్చిపోయిండా?"

ఆ మూడు రోజుల్లో యమున నవ్వింది అప్పుడొక్కసారే. "అదొక్కటి ఇంక కాలే," అంది.

గురువారం మధ్యాహ్నం ఏటూరునాగారంలో బస్సు ఎక్కుతూ చేస్తే మాత్రం మొదటి మోతకే ఎత్తాడు. నోట్లో అన్నం ఉన్నట్టుంది. "ఐదున్నరకు హనుమకొండ బస్టాండుకు రా. చేతిల సామాను ఉన్నది," అంది. "వస్త, వస్త," అన్నాడు. ఇంకో పది సంగతులు అడుగుదామని ఆమె ఊపిరి తీసుకునేలోపు బస్సు కదిలింది, సిగ్నల్ పోయింది.

బస్సు ఐదు ఇరవై ఐదుకే చేరింది. యమున భుజాన బట్టల సంచి, చేతిలో సమ్మమ్మ కట్టిచ్చిన ఇప్పపూల లడ్డూల డబ్బా పట్టుకుని గేటు పక్కన నిలబడింది. ఐదున్నర అయింది. ఐదు ముప్పావు అయింది. ఆటోవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఎక్కడికి మేడం అని అడిగి పోతున్నారు. మా ఆయన వస్తాండు అని మొదటివాడికి చెప్పింది. ఐదోవాడికి ఏమీ చెప్పలేదు. ఫోన్ చేస్తూనే ఉంది. పదకొండోసారి కూడా అది మోగి మోగి ఆగిపోయాక, సమ్మమ్మ అడిగిన మాట గుర్తొచ్చింది. ఇగ అది కూడా అయిపోయింది అనుకుంది. ఆరు పదిహేనుకు ఆటో ఎక్కి, "మట్టెవాడ," అంది. ఆ ఒక్క మాట ఎంత గట్టిగా అందో, డ్రైవరు అద్దంలో చూశాడు.

దారి పొడుగునా మాటలు పేర్చుకుంది. ఏది ముందు అనాలో, ఏది వెనక అనాలో. బస్టాండు ముందు. తర్వాత ఎత్తని ఫోన్లు. తర్వాత పద్దెనిమిదేళ్ళు.

*

మడిగె ముందు దిగేసరికి ఆ మాటల వరస చెదిరిపోయింది.

బల్ల మీద ఒక్కటే మిక్సీ ఉంది. మిగతావి కనబడలేదు. గోడ పొడుగునా గూళ్ళకు అడ్డంగా ఒక చీర వేలాడుతోంది. నేల మీద సుద్దముక్కతో పెద్ద అక్షరాల్లో ఒక పేరు రాసి ఉంది. బల్ల అంచున మేకులకు చిన్న ప్లాస్టిక్ డబ్బాలు వేలాడుతున్నాయి. ఒక్కో డబ్బాలో ఒక్కో మిక్సీ స్క్రూలు. భానుచందర్ సన్న తీగ చివర టంకం పెడుతున్నాడు. సన్నటి పొగ లేస్తోంది. పెదాలు కదులుతున్నాయి. "ఎర్రది అయిపోయింది అవ్వా. ఇగ నల్లది," అంటున్నాడు.

మెట్టు మీద కూర్చోవాల్సిన యాకమ్మ లోపల, బల్లకు ఎదురుగా పీట మీద కూర్చుని పూలు అల్లుతోంది. "ఊఁ," అంది. అంతే.

"ఫోన్ ఏది?" అంది యమున గడపలో నిలబడి.

భానుచందర్ తలెత్తాడు. ఆమెను చూశాడు, భుజాన సంచిని చూశాడు, గోడ మీద గడియారం చూశాడు. ముఖం పాలిపోయింది. "అయ్యో! ఐదున్నర!"

"ఫోన్ ఏది అంటాన."

యాకమ్మ తన గంపలోకి చెయ్యి పెట్టి, చామంతుల అడుగు నుంచి ఫోన్ తీసిచ్చింది. దాని అద్దం మీద రెండు పసుపు రేకులు అంటుకుని ఉన్నాయి. పదకొండు మిస్‌డ్ కాల్స్. వాటి కింద, ఐదింటికి మోగి ఆగిన అలారం: బస్టాండ్, యమున.

"అలారం పెట్టిన," అన్నాడు భానుచందర్. "ఫోన్ అవ్వ గంపల పెట్టిన. పూల కింద వినబడలే. తప్పయింది. నిజంగ తప్పయింది యమునా. గంట నిలబడ్డవా?"

"యాభై నిమిషాలు." ఆమె సంచి దించి, గూళ్ళకు వేలాడే చీర కొంగు పట్టుకుంది. "ఇది నాది గదా?"

"పాతదే గదా..."

"పాతదని నీకెవరు చెప్పిండ్రు? ఉగాదికి కొన్న!"

కోపంతో దాన్ని పక్కకు లాగింది. చీర వెనక గూట్లో మిక్సీలు వరసగా ఉన్నాయి. ఏడు. మూతలు బిగించి, తుడిచి, ఒక్కోదాని మెడకు పేరు రాసిన చీటీ కట్టి ఉంది. పక్క గూట్లో ఇంకా విప్పనివి నాలుగు. తెలియకుండానే ఆమె ఒక చీటీ తిప్పి చూసింది. తను ఎర్ర ఇంకుతో రాసిన పేరే. దాని పక్కది కూడా.

"ఇవన్నీ మూడొద్దులల్ల చేసినవా?"

"ఇంకో మూడు తీస్కపోయిండ్రు."

"మస్తు నిమ్మళంగ చేసిండు బిడ్డా," అంది యాకమ్మ, పూవు మీంచి కళ్ళు ఎత్తకుండా. "ఫోన్ మోగలే గదా."

ముసలమ్మ ఏదీ మనసులో పెట్టుకుని అన్న మాట కాదు. వాన పడలేదు కాబట్టి పూలు తడవలేదు అన్నట్టే అంది. యమునకు చీర వదిలేయాలో పట్టుకోవాలో తెలియలేదు.

భానుచందర్ టంకం కర్రను స్టాండులో పెట్టాడు. అరనిమిషం పట్టింది. ఈసారి ఆమె దాన్ని పూడ్చలేదు.

"మిగిలినవి కనబడితే చెయ్యి వాటి మీదికి పోతది. అందుకని చీర కట్టిన," అన్నాడు. "ఒక్కటే బల్ల మీద. దాని పేరు నేల మీద. లేస్తే కాళ్ళకు కనబడుతది. నేను లేస్తే అవ్వ ఎటు పోతానవ్ అంటది. పనికే అయితే పోత, కాకపోతే కూసుంట. దీప్తి మేడం చెప్పింది గదా, ఊరికే కూసుంటే చాలని."

"మరి ఫోన్?"

"మంగళవారం నువ్వు పోయినంక పదింటికి ఒక మోటరు పట్టిన. పదకొండుకు అయిపోయింది. నాకే నమ్మబుద్ధి కాలే. ఎందుకట్ల అయిందని చూస్తే..." అతను ఆగాడు. స్క్రూడ్రైవరు తీసి మళ్ళీ పెట్టాడు. "నువ్వు మంచికే చేస్తవ్. నాకెరుకే. ఫోన్ మోగితే చేతిల ఉన్నది పక్కకు పెడుత. నీతోని మాట్లాడి పెట్టేసినంక ఎక్కడ ఆపిన్నో ఎతుక్కోవాలె. అది దొరికేటప్పటికి మల్ల మోగుతది."

"అంటే నాతోనే ఆగమవుతానవా నువ్వు?"

"గట్లంటలే."

"గట్లనే అంటానవ్."

భానుచందర్ చేతులకంటిన మసి తుడుచుకున్నాడు. "సగం," అన్నాడు. "సగం నా మెదడుతోని. సగం ఫోన్‌తోని."

యమున పీట కోసం చూసింది. దాని మీద యాకమ్మ ఉంది. మూలనున్న ఖాళీ డబ్బా బోర్లించుకుని కూర్చుంది. రోజుకు పదకొండు. నెలకు ఎన్నో, ఏడాదికి ఎన్నో ఆమె లెక్కపెట్టదలచుకోలేదు. ఆఫీసు పని మధ్యలో ఆపుకుని, రమ ముందు నగుబాటై, బాత్రూం గోడ పక్కన నిలబడి చేసిన ఫోన్లు. అవి లేకపోతే షాపు మునుగుతుందని నమ్మి చేసినవి. ఏడ్వాలనిపించింది. అంతకంటే ఎక్కువగా ఎవరినైనా తిట్టాలనిపించింది. ఎవరిని తిట్టాలో తోచలేదు.

"ఇంకోటి చెప్పాలె," అన్నాడు భానుచందర్. "నిన్న శశాంక్‌కు ఫోన్ చేసిన. రానని చెప్పిన."

"ఏమన్నవ్?"

"ఆడ పది ఫోన్లు మోగుతయి, పది మంది పిలుస్తరు. ఈడ నీదొక్కటే మోగుతది. అదొక్కటి ఆగితే ఈడనే బతుకుతనని చెప్పిన."

"నా తమ్మునికి చెప్పినవా అది!"

ఆమె లేచి నిలబడింది. ఇంకా ఏమనేదో గాని, అప్పుడే టిఫిన్ సెంటర్ మహిపాల్ బండి మడిగె ముందు ఆగింది.

"భానన్నా, నా మిక్సీ తయారేనా? పొద్దుగాల నాలుగింటికి పచ్చడి రుబ్బాలె."

యమున గూటి వైపు చూసింది. పెద్ద మిక్సీ అయిపోయిన వాటిలో లేదు. విప్పని నాలుగింటిలో ఉంది. రెండు గీతలు కొట్టి రాసింది. రెండు!

ఇలాంటప్పుడు చెప్పే అబద్ధం ఆమె నాలుక మీద సిద్ధంగా ఉంటుంది: వాళ్ళమ్మకు బాగాలేక దవాఖానకు తిరిగిండన్నా. ఇన్నేళ్ళలో అత్తగారిని ఎన్నిసార్లు దవాఖానలో చేర్చిందో లెక్కలేదు. ఆవిడ మాత్రం ఊళ్ళో ఇప్పటికీ రోజుకు రెండుసార్లు చేను దాకా నడిచి వస్తుంది. యమున నోరు తెరిచింది. భానుచందర్ ఆమె వైపు చూశాడు. బతిమాలుతున్నట్టు లేదు, కసిరినట్టూ లేదు. ఉత్తగా చూశాడు. ఆమె నోరు మూసుకుంది. అది ఎంత కష్టమో ఆ క్షణానికి గాని తెలియలేదు.

"కాలే మహిపాలన్నా," అన్నాడు భానుచందర్. "మర్చిపోయిన."

"మర్చిపోయినవా? మల్లనా? నేను నాలుగొద్దుల కిందట..."

"నాకు ఏడీహెచ్‌డీ అని ఒక జబ్బున్నది. మందు వాడుతాన. మర్చిపోయింది నిజం. ఇప్పుడు చేసిస్తననేది కూడ నిజం. ముప్పావు గంట. నువ్వు ఈడ కూసుంటే ఇంకా జల్ది అయితది."

మహిపాల్ కోపం సగంలో ఆగింది. యమున వైపు చూశాడు, ఇది నిజమేనా అన్నట్టు. ఆమె తల ఊపలేదు, ఊపకుండానూ ఉండలేదు.

"జబ్బంటే? షుగర్ లెక్కనా?"

"గట్లనే అనుకో. పోదు. సంబాళించుకోవాలె."

"మా బావమరిదికి షుగర్ ఉన్నది," అన్నాడు మహిపాల్, దానికీ దీనికీ ఏం సంబంధమో తనకే తెలియనట్టు. బండి స్టాండు వేసి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. "నేను మాట్లాడొచ్చునా?"

"వద్దు."

భానుచందర్ బల్ల మీది మిక్సీ పని ఎంతవరకు వచ్చిందో ఒక చీటీ మీద రాసి, దాని మీదే అంటించి, చీర వెనక పెట్టాడు. నేల మీద పేరు తుడిచి మహిపాల్ అని రాశాడు. పెద్ద మిక్సీ ఎత్తి బోర్లించి, నాలుగు స్క్రూలు విప్పి ఖాళీ డబ్బాలో వేశాడు. బ్రష్‌లు అరిగి అంగుళంలో మూడో వంతు కూడా లేవు. కొత్తవి గూట్లో ఉన్నాయి. ఎప్పుడు తెప్పించాడో యమునకు తెలియదు. ఒకసారి లేచి గూటి దాకా వెళ్ళి, అక్కడ ఎందుకొచ్చాడో మర్చిపోయి నిలబడ్డాడు. యమున నాలుక కొనదాకా వచ్చింది. "ఎటు పోతానవ్?" అంది యాకమ్మ. భానుచందర్ నేల మీది పేరు చూసుకుని, బ్రష్‌ల పొట్లం తీసుకుని వచ్చి కూర్చున్నాడు.

ముప్పావు గంట అన్నది గంటా పది నిమిషాలైంది. స్విచ్ నొక్కితే మిక్సీ మడిగె అంతా అదిరేట్టు తిరిగింది. మహిపాల్ దాన్ని బండికి కట్టుకుంటూ, "చెప్పొచ్చు గదనే అన్నా ముందుగాల్నే," అన్నాడు, ఏ సంగతి అన్నది విడమరచకుండా. యాకమ్మ గంప ఎత్తుకుని, మిగిలిన మూర చామంతులు యమున చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

*

షట్టర్ దించి ఇద్దరూ నడిచారు. సంచి అతను పట్టుకున్నాడు. ఇల్లు ఇరవై నిమిషాల నడక.

"మరి నన్నేం చెయ్యమంటవ్?" అంది యమున కొంత దూరం పోయాక. ఆమె గొంతులో ఇంకా చిరాకు పోలేదు. "ఇగ ఫోన్ చెయ్యొద్దు. గుర్తుచెయ్యొద్దు. బస్టాండుల నిలబడాలె. ఉగాది చీర కట్టియ్యాలె."

"ఒంటిగంటకు చెయ్యి. అన్నం తినేటప్పుడు. ఒక్కటి."

"ఒక్కటా?"

"ఒక్కటి. తిన్ననా అని అడుగు. మిక్సీల సంగతి అడగకు."

ఆమె లడ్డూల డబ్బా ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. తర్వాత ట్యాంకు మెట్లు ఎక్కి ఫోన్ చేసిన సంగతి మొదలుపెట్టింది. అతను మధ్యలో మూడుసార్లు ఇంకేదో అడిగాడు. ఆ ట్యాంకుకు మోటరు ఎన్ని హార్స్ పవరని ఒకసారి. ఆమె విసుక్కుంటూనే, తనకు తెలియదని చెప్పి, మళ్ళీ ఎక్కడ ఆపిందో వెతుక్కుని అక్కడి నుంచి చెప్పింది. సమ్మమ్మ అడిగిన ప్రశ్న చెప్పాలా వద్దా అనుకుని, చివరికి చెప్పింది. భానుచందర్ నవ్వబోయి, బస్టాండు గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఇంటి గేటు తాళం తీశాక అతను గుత్తి వైపు చూస్తూ నిలబడిపోయాడు. గుత్తిలో ఇంకో తాళం ఉంది. బండిది.

"బండి షాపు కాడనే ఉన్నది," అన్నాడు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నేను మర్చిపోయినంటే సరే. నువ్వెట్ల మర్చిపోతివి?"

యమునకు నిజంగానే తెలియలేదు. ఏడాదికొకసారైనా తనకు అలా జరిగిన గుర్తు లేదు. "ఏమో," అంది. "పో, తెచ్చుకో."

అతను సంచి గేటు లోపల పెట్టి, గబగబా వీధిలోకి నడిచాడు. గుత్తి గేటు తాళానికే వేలాడుతోంది. యమున దాన్ని చూసింది. అప్పటికి అతను నాలుగు ఇళ్ళు దాటాడు. పిలిస్తే వినబడే దూరమే. ఫోన్ కూడా చేతిలోనే ఉంది. ఆమె గుత్తిని తీసి పిడికిట్లో పట్టుకుని గేటుకు ఆనుకుంది. అతను కిరాణా కొట్టు దాటాడు. కరెంటు స్తంభం దాటాడు. ఈ మనిషి మడిగె దాకా పోయి రావాల్సిందే అనుకుంది, ఒళ్ళు మండుతూ, పళ్ళ మధ్య అతని పేరు పట్టుకుని.

వీధి మలుపు దగ్గర భానుచందర్ ఆగాడు. చొక్కా జేబు తడిమాడు, ప్యాంటు జేబులు రెండూ తడిమాడు. కొంచెంసేపు అలాగే నిలబడి, వెనక్కి తిరిగాడు.

యమున చెయ్యి పైకెత్తి గుత్తి ఆడించి చూపించింది.